దుప్పటి గుడారాలు కట్టే ఆటలో పిల్లలకు దక్కేది ఏమిటి, అందులో పెద్దల పాత్ర ఎంత?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇది. మీకు ఎనిమిదేళ్ళ అమ్మాయి, అయిదేళ్ళ అబ్బాయి ఉన్నారు. సెలవు వస్తే చాలు, ఇద్దరూ మంచాల మీది దుప్పట్లు లాగి, కుర్చీల మీదా బల్ల మీదా కప్పి, లోపల దూరి ఇల్లు కట్టుకుంటున్నారు. గదంతా చెల్లాచెదురవుతోంది, కట్టినది మాటిమాటికీ కూలుతోంది, కూలినప్పుడల్లా చిన్నవాడు ఏడుస్తున్నాడు. ఈ ఆట వల్ల నిజంగా మేలు ఉందా, దీనికి బదులు పిల్లల టెంటు ఒకటి కొనిస్తే సరిపోదా, తల్లిగా మీరు కూడా కూర్చుని కట్టాలా లేక వాళ్ళ మానాన వాళ్ళను వదిలెయ్యాలా అన్నవి మీ మూడు సందేహాలు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. మేలు ఉంది, అందులో పెద్ద భాగం కట్టడంలోనే ఉంది. కొన్న టెంటు లోపల కూర్చునే సుఖాన్ని ఇస్తుంది కానీ, కట్టే పనిని పిల్లల చేతుల్లోంచి తీసేస్తుంది. మీరు తప్పకుండా వాళ్ళతో కూర్చోండి. అయితే పని చెప్పేవాళ్ళు వాళ్ళు, అందించేవారు మీరు అన్న ఏర్పాటు చెడకూడదు. గుడారం నిలబడి ఆట లోపలికి మారాక మీరు మెల్లగా లేచి రావచ్చు.

నేను చాలా ఏళ్ళుగా బడికి వెళ్ళబోయే వయసు పిల్లలతోనూ, బడిలో చేరిన చిన్నపిల్లలతోనూ, వారి తల్లిదండ్రులతోనూ పనిచేస్తున్నాను. మా ఆటగదిలో ఖరీదైన బొమ్మల కంటే ఎక్కువ సేపు పిల్లలను పట్టి ఉంచేవి పాత దుప్పట్లు, బట్టల క్లిప్పులు, ఖాళీ అట్టపెట్టెలు. కాబట్టి ఈ కింద రాసేవాటిలో కొన్ని చదివి తెలుసుకున్నవి, ఎక్కువ భాగం చూసి తెలుసుకున్నవి.

దుప్పటికి ఫలానా పని అంటూ ముందుగా నిర్ణయమై ఉండదు. అది కప్పు అవుతుంది, గోడ అవుతుంది, నేల అవుతుంది, కాసేపటికి నది కూడా అవుతుంది. 1971లో బ్రిటన్‌కు చెందిన సైమన్ నికల్సన్ ఒక వ్యాసంలో, ఒక పరిసరంలో కదిలించి మార్చగలిగే వస్తువులు ఎన్ని ఉన్నాయి, ఎన్ని రకాలుగా ఉన్నాయి అన్నదాన్ని బట్టే అక్కడ సృజనకు, కొత్తది కనిపెట్టడానికి ఎంత వీలుంటుందన్నది ఆధారపడుతుందని వాదించాడు. అంతకు చాలా ముందే, 1943లో, డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగెన్ శివారులోని ఎమ్‌డ్రుప్‌లో, కార్ల్ థియోడోర్ సోరెన్‌సెన్ అనే ఉద్యానవన రూపశిల్పి ఆలోచన మేరకు చెక్కముక్కలు, పాత సామాను, పనిముట్లు ఉంచిన ఆటస్థలాన్ని పిల్లల కోసం తెరిచారు. చక్కగా తీర్చిన ఆటస్థలాల కంటే పిల్లలు కట్టడాల దగ్గర పడి ఉన్న సామానుతో ఆడుకోవడానికి ఇష్టపడటం గమనించి ఆయన చేసిన ఆలోచన అది. మీ ఇంట్లో కుర్చీలు, దుప్పట్లు, దిండ్లు కలిసి చేస్తున్న పని కూడా ఇదే కోవకు చెందుతుంది. తేడా అల్లా, ఇక్కడ సుత్తి, మేకులు లేవు, కాస్త జాగ్రత్త పడితే కూలినా పెద్దగా దెబ్బ తగలదు.

ఈ చివరి మాటను కొంచెం విప్పి చెప్పాలి, ఎందుకంటే మీరు ఇబ్బందిగా చూస్తున్న కూలిపోవడమే నా దృష్టిలో ఈ ఆటలో అన్నిటికంటే విలువైన ఘట్టం.

పిల్లలు బరువు, లాగుడు, జారుడు, వాలు వంటివాటిని మాటల్లో విని నేర్చుకోలేరు. దుప్పటి ఆ విషయాలను వెంటనే, పక్షపాతం లేకుండా చెబుతుంది. అయిదేళ్ళ పిల్లవాడు కట్టిన కప్పు సాధారణంగా మూడు కారణాల్లో ఏదో ఒకదానివల్ల పడిపోతుంది. మొదటిది, కుర్చీ ఒరగడం. కుర్చీ వీపు గుడారం లోపలివైపుకు ఉన్నప్పుడు దుప్పటి బరువు ఆ వీపును పైభాగంలో పట్టి లాగుతుంది, దానితో కుర్చీ వెనక్కి పడిపోతుంది. కుర్చీ పలక మీద, అంటే మనం కూర్చునే చోట, నాలుగు బరువైన పుస్తకాలు పెడితే నిలబడుతుంది. ఇక్కడ ఒక చక్కని సంగతి ఉంది. ఆ పుస్తకాలను వీపుకు ఆనించి పెడితే అంతగా ఫలితం ఉండదు, లాగుడుకు దూరంగా, పలక బయటి అంచుకు జరిపి పెడితే అవే పుస్తకాలు కుర్చీని గట్టిగా పట్టుకుంటాయి. ఇది పిల్లలు తమంతట తామే కనిపెట్టగలిగిన విషయం. కనిపెట్టాక వాళ్ళు ఆ పుస్తకాలను ముందుకీ వెనక్కీ జరుపుతూ మళ్ళీ మళ్ళీ పరీక్షించుకోవడం నేను ఎన్నో సార్లు చూశాను.

రెండవది, జారిపోవడం. నున్నని దుప్పటి నున్నని కర్ర మీద నిలవదు. ఒకవైపు ఎక్కువగా వేలాడితే ఆ వైపు బరువే మిగతాదాన్ని కూడా లాక్కుని కిందికి వస్తుంది. గరుకైన కంబళిని కింద వేసి, దాని మీద పలచని దుప్పటిని వేసిన పిల్లలు ఉన్నారు, కుర్చీ వీపు చుట్టూ రెండు చుట్లు తిప్పినవాళ్ళు ఉన్నారు, క్లిప్పు కోసం పరుగెత్తినవాళ్ళు ఉన్నారు. మూడవది, కప్పు మధ్యలో దిగబడటం. రెండు కుర్చీల మధ్య దుప్పటిని ఎంత బల్లపరుపుగా పరవాలని చూస్తే రెండు చివరలనూ అంత గట్టిగా లాగి పట్టుకోవలసి వస్తుంది. ఏ బట్టా తన బరువును మోస్తూ పూర్తిగా చదునుగా నిలవలేదు. అందుకే కొంతసేపు పెనుగులాడాక పిల్లలు మధ్యలో ఎత్తుగా ఏదైనా నిలబెట్టడమో, తాడు మీద దుప్పటిని రెండు వైపులా వాలుగా వేయడమో చేస్తారు. చదును కప్పు నుంచి వాలు కప్పుకు వచ్చిన ఆ క్షణంలో వాళ్ళకు ఇంకొక నష్టం ఎదురవుతుంది. ఎత్తు పెంచిన కొద్దీ దుప్పటి కింద కప్పే నేల తగ్గిపోతుంది. ఇద్దరికి సరిపోవాలంటే ఎంత ఎత్తు ఉండాలి, ఎంత వెడల్పు ఉండాలి అన్న బేరం అక్కడ మొదలవుతుంది.

వీటిలో దేనికీ మీరు శాస్త్రీయమైన పేరు చెప్పనక్కరలేదు. నిజానికి చెప్పకపోతేనే మంచిది. అయితే మామూలు మాటలను మాత్రం ధారాళంగా వాడండి. పైన, కింద, మధ్య, అంచు, మూల, ఎదురుగా, వదులు, బిగువు, వాలు, పొడవు, మడత వంటి మాటలను ఆ పనిలో ఉండగా పిల్లలు వింటే, అవి వాళ్ళ చేతులకు కూడా అర్థమవుతాయి. చిన్న వయసులో ఇటువంటి స్థల సంబంధమైన మాటలను ఎక్కువగా విని, వాడిన పిల్లలు తర్వాత ఆకారాలకు, అమరికలకు సంబంధించిన పనుల్లో మెరుగ్గా ఉన్నారని 2011లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. అది ప్రత్యేకించి గుడారాల గురించి చేసినది కాదు, ఇంట్లో మామూలుగా సాగే సంభాషణల గురించి చేసినది. అయినా "ఆ మూలను ఇంకొంచెం బిగించు, ఈ అంచు వదులుగా ఉంది" అనే మాటకు ఇంతకంటే సహజమైన సందర్భం ఇంట్లో మరొకటి నాకు కనిపించదు.

ఇక మీ చిన్నవాడి ఏడుపు గురించి. కూలినప్పుడు ఏడవడం అయిదేళ్ళ వయసులో పూర్తిగా సహజం. అనుకున్నది ఒకటి, అయినది ఒకటి అయినప్పుడు ఆ బాధను తట్టుకుని, మనసులో ఉన్న పథకాన్ని వదలకుండా పట్టుకుని, దారి మాత్రం మార్చుకోవడం అనే నేర్పు ఈ వయసులో ఇంకా తయారవుతూ ఉంటుంది. దానికి అభ్యాసం కావాలి, ఆ అభ్యాసం జరిగే చోట నష్టం చిన్నదిగా ఉండాలి. దుప్పటి పడిపోతే విరిగేది ఏదీ లేదు, నిమిషంలో మళ్ళీ మొదలుపెట్టవచ్చు. అందుచేత కూలిన వెంటనే మీరు లేచి సరిచేయకండి. పక్కన కూర్చుని, "అయ్యో, అంత కష్టపడి కట్టావు కదా" అని ఒక్క మాట అనండి, కొంచెం ఆగండి. ఏడుపు తగ్గాక "ముందు ఏది కదిలింది, కుర్చీయా, దుప్పటా?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న చాలా పని చేస్తుంది. దానితో పిల్లవాడి చూపు తన ఓటమి మీద నుంచి కుర్చీ మీదికి మళ్ళుతుంది.

పెద్దల సాయం ఎంత ఉండాలన్నదాని మీద చాలా కాలంగా ఆలోచన జరుగుతోంది. రష్యన్ మనస్తత్వ శాస్త్రవేత్త లెవ్ వైగాట్‌స్కీ, పిల్లలు ఒంటరిగా చేయలేక, తెలిసినవారి తోడుతో మాత్రం చేయగలిగే పనుల పరిధి ఒకటి ఉంటుందని, నేర్చుకోవడం ఆ పరిధిలోనే జోరుగా సాగుతుందని చెప్పాడు. 1976లో డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ అనే ముగ్గురు పరిశోధకులు మూడు, నాలుగు, అయిదేళ్ళ పిల్లల చేత చెక్క దిమ్మెలతో ఒక పిరమిడ్ కట్టించి, పక్కన ఉన్న పెద్దవారి సాయం ఏ వయసుకు ఎలా మారవలసి వచ్చిందో పరిశీలించారు. పెద్దల సాయం కట్టడానికి వేసే పరంజా వంటిదై ఉండాలన్న భావన విద్యారంగంలో ఆ పరిశోధన నుంచే వ్యాపించింది. అవసరమైనంత వరకే వేసి, పని నిలబడగానే తీసేయవలసిన సాయం అది.

దుప్పటి గుడారం దగ్గర దీని అర్థం చాలా తేలిక. పిల్లవాడికి చెయ్యి అందని చోట మీ చెయ్యి పెట్టండి. ముడి వేయడం రాకపోతే మొదటి ముడి మీరు వేసి, రెండవది వాడి చేత వేయించండి. రెండు మూలలూ ఒక్కడే పట్టుకోలేకపోతే ఒక మూల మీరు పట్టుకుని, "ఇప్పుడు నన్ను ఎటు జరగమంటావు?" అని అడగండి. ఆ ప్రశ్న వినగానే పిల్లల ముఖం ఎలా మారుతుందో మీరే చూస్తారు. రోజంతా పెద్దలు చెప్పినట్టు వినే పిల్లలకు, పెద్దవాళ్ళను కాసేపు తమ మాట ప్రకారం నడిపించే అవకాశం దొరకడం చిన్న విషయం కాదు. మా దగ్గరకు వచ్చే తండ్రుల్లో కొందరు ఉత్సాహం కొద్దీ చక్కని గుడారం తామే కట్టేసి, చివరకు "రండి, లోపల కూర్చోండి" అని పిల్లలను పిలుస్తారు. పిల్లలు వస్తారు, సంతోషిస్తారు, కాసేపటికి వెళ్ళిపోతారు. అదే పిల్లలు తమ చేతులతో కట్టిన వంకరటింకర గూటిని మాత్రం సాయంత్రం దాకా వదలరు. అందమైన గుడారం కావాలన్న కోరిక మనదే తప్ప వాళ్ళది కాదని ఆ తల్లిదండ్రులకు నేను చెబుతుంటాను.

ఇప్పటిదాకా కట్టడం గురించే చెప్పాను. లోపల కూర్చోవడంలో కూడా ఒక గొప్ప మేలు ఉంది, దానికి కారణం వేరు.

పిల్లలు పెద్దల కొలతలతో కట్టిన ఇళ్ళలో ఉంటారు. తలుపు గొళ్ళెం అందదు, అలమర పై అర అందదు, ఎవరు ఎప్పుడు గదిలోకి రావాలో నిర్ణయించే అధికారం కూడా వాళ్ళకు ఉండదు. నాలుగు కుర్చీల మధ్య దుప్పటి కింద మాత్రం కొలతలు వాళ్ళవి, నియమాలు వాళ్ళవి. డేవిడ్ సోబెల్ అనే అమెరికన్ విద్యావేత్త ఇంగ్లండ్‌లోని డెవన్ ప్రాంతంలోనూ, కరీబియన్ సముద్రంలోని కారియకూ దీవిలోనూ పిల్లలు ఆరుబయట కట్టుకునే రహస్య స్థావరాలను పరిశీలించాడు. రెండు చోట్లా జీవితం ఎంతో వేరైనా, ముఖ్యంగా ఏడు నుంచి పదకొండేళ్ళ మధ్య పిల్లలు తమకంటూ ఒక చోటు కట్టుకోవడం రెండు చోట్లా కనిపించింది. మీ అమ్మాయి సరిగ్గా ఆ వయసులోకి అడుగుపెట్టింది. కాబట్టి ఆమె ఇక ముందు తలుపు దగ్గర నియమాలు రాసి అంటించడం, రహస్య సంకేతం పెట్టడం, అనుమతి లేనిదే లోపలికి రావద్దని మీకే చెప్పడం చేస్తే నొచ్చుకోకండి. తనకంటూ ఒక హద్దు గీసుకోవడం నేర్చుకుంటోందని అనుకోండి, ఆ హద్దును మన్నించండి. వంగి, దుప్పటి మీద మెల్లగా తట్టి, "లోపలికి రావచ్చా?" అని అడిగే పెద్దల దగ్గర పిల్లలు ఇతరుల హద్దులను మన్నించడం కూడా నేర్చుకుంటారు.

బ్రిటన్‌కు చెందిన పిల్లల వైద్యుడు, మనోవిశ్లేషకుడు డొనాల్డ్ వినికాట్ 1958లో ప్రచురించిన ఒక వ్యాసం ఈ సందర్భంలో నాకు తరచుగా గుర్తుకు వస్తుంది. ఒంటరిగా ఉండగలగడం ఒక సామర్థ్యమని, అది నమ్మకమైన మనిషి దగ్గరలో ఉండగా ఒంటరిగా ఉన్న అనుభవం నుంచి పెరుగుతుందని ఆయన అందులో అంటాడు. పిల్లవాడు గుడారంలో ఉన్నాడు, మీరు అదే గదిలో మీ పని చేసుకుంటున్నారు, మీ అడుగుల చప్పుడు వాడికి వినబడుతోంది, కానీ మీరు వాడిని చూడటం లేదు. ఇంతకంటే భద్రమైన ఏకాంతం అయిదేళ్ళ పిల్లవాడికి దొరకదు. అందుకనే మీరు గుడారం కట్టించి ఇంట్లో మరో మూలకు వెళ్ళిపోవడం కంటే, ఆ గదిలోనే ఏదో పని పెట్టుకుని ఉండటం మేలని నా సలహా.

ఒక ఉదాహరణ చెబుతాను. ఇంట్లో కొత్తగా పాపాయి పుట్టిన తర్వాత, మా ఆటగదికి వచ్చే నాలుగేళ్ళ అబ్బాయి ఒకడు ఎవరితోనూ మాట్లాడకుండా, ఏ ఆటలోనూ చేరకుండా ఉండేవాడు. ఒకరోజు బల్ల మీద దుప్పటి వేసి ఉంటే దాని కిందికి వెళ్ళి కూర్చున్నాడు. ఎవరూ పిలవలేదు. నేను బయట నేల మీద కూర్చుని క్లిప్పులను డబ్బాలో వేస్తూ ఉన్నాను. కాసేపటికి దుప్పటి అంచు కింది నుంచి ఒక చెయ్యి వచ్చి క్లిప్పు అడిగింది. ఆ తర్వాత రోజుల్లో వాడు దుప్పటి వెనక నుంచే నాతో మాట్లాడేవాడు, పాపాయి గురించి చెప్పిన మొదటి మాటలు కూడా అలా చెప్పినవే. ముఖం కనబడనప్పుడు పిల్లలకు కొన్ని కష్టమైన మాటలు సులువవుతాయి. మీ పిల్లలు లోపలి నుంచి ఏదైనా చెబుతుంటే దుప్పటి ఎత్తి చూడకండి, బయట కూర్చునే వినండి.

అన్నాచెల్లెళ్ళు, అక్కాతమ్ముళ్ళు కలిసి కట్టేటప్పుడు వచ్చే చిక్కు వేరు. మీ ఇంట్లో మూడేళ్ళ తేడా ఉంది. ఎనిమిదేళ్ళ పిల్ల మనసులో గుడారం బొమ్మ ముందే తయారై ఉంటుంది, అయిదేళ్ళవాడు కడుతూ కడుతూ ఆలోచిస్తాడు. ఆమెకు వాడు అడ్డంగా కనిపిస్తాడు, వాడికి ఆమె పెత్తనం చేస్తున్నట్టు ఉంటుంది. దీనికి నేను చేసి చూసినవాటిలో బాగా పనిచేసే ఉపాయం ఏమిటంటే, ఇద్దరినీ ఒకే గుడారం కట్టమనకుండా, రెండు చిన్న గుడారాలు కట్టించి మధ్యలో ఒక సొరంగం దారి కలపమనడం. అప్పుడు ఎవరి ఇంటికి వారే యజమానులు, ఆ దారి ఎటు వెళ్ళాలన్నది మాత్రం ఇద్దరూ మాట్లాడుకుని తేల్చుకోవలసిన విషయం అవుతుంది. వాదనలు అప్పటికీ వస్తాయి. ఒకరినొకరు కొట్టుకోనంత వరకు, ఒక్కరే ప్రతిసారీ బయట మిగిలిపోనంత వరకు ఆ వాదనలో మీరు కలగజేసుకోకండి. ఒకరే ఎప్పుడూ బయట ఉండిపోతున్నారంటే మాత్రం తప్పక కలగజేసుకోండి. ఎవరినైనా బయట ఉంచడంలోని అధికారం పిల్లలకు చాలా తొందరగా రుచి మరుగుతుంది.

కొన్న టెంటు గురించి నాకు వ్యతిరేకత లేదు. గదిలో చప్పుడు ఎక్కువై తట్టుకోలేకపోయే పిల్లలకు, రోజూ ఒకే చోట ప్రశాంతమైన మూల అవసరమయ్యే పిల్లలకు, ఎప్పుడూ నిలబడి ఉండే చిన్న టెంటు ఎంతో ఆసరా. రెండు మూడేళ్ళ పసివాళ్ళకు కూడా అది బాగుంటుంది, వాళ్ళు ఇంకా కట్టే వయసులో లేరు కనుక. మీ ఇద్దరి వయసుకు మాత్రం అది కూలదు, మారదు, ఏ నిర్ణయమూ అడగదు. కొనాలనే ఉంటే కొనండి, దుప్పట్లు మాత్రం తీసి దాచకండి.

జాగ్రత్తల దగ్గర నేను రాజీపడను, కాబట్టి వీటిని వరుసగా చెబుతాను.

ఏడాది లోపు పసిపిల్లలను దుప్పటి గుడారంలో పడుకోబెట్టకూడదు, విడిచిపెట్టకూడదు. మెత్తని దిండ్లు, జారే బట్టలు వాళ్ళ ముక్కుకు అడ్డం పడితే తొలగించుకునే శక్తి వాళ్ళకు ఉండదు. ఇంట్లో అంత చిన్నపాప ఉంటే గుడారం పక్కన ఎవరైనా పెద్దవారు ఉండి తీరాలి.

దీపం విషయంలో బ్యాటరీ లైటు తప్ప మరేదీ వద్దు. కొవ్వొత్తి, వేడెక్కే బల్బు, హీటరు, ఇస్త్రీపెట్టె వంటివాటి దరిదాపుల్లో బట్ట ఉండకూడదు. ఛార్జింగ్‌లో ఉన్న ఫోనును దుప్పట్ల మధ్య వదలకూడదు. బ్యాటరీ లైటులో నాణెంలా ఉండే బటన్ బ్యాటరీ ఉంటే, దాని మూత స్క్రూతో బిగించి ఉందో లేదో చూడండి. దాన్ని మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను తీవ్రంగా కాల్చేయగలదు. మింగారన్న అనుమానం కలిగినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

కప్పు మీద బరువులు పెట్టకూడదు, బరువైన సామానుకు కప్పును కట్టకూడదు. పుస్తకాలు కుర్చీ పలక మీదే ఉండాలి, పిల్లల తలల పైన ఉండకూడదు. గోడకు బిగించని అలమర, పుస్తకాల అర, టీవీ వీటికి దుప్పటి మూల కట్టి లాగితే అవి మీద పడే ప్రమాదం ఉంది. తాడు వాడితే మెడకు తగిలే ఎత్తులో వదులుగా వేలాడే కొస లేకుండా చూసి, ఆట అయిపోగానే విప్పేయండి. మెట్ల దగ్గర, తెరిచి మూసే తలుపు అడ్డంగా గుడారం వద్దు. గాలి ఆడేందుకు రెండు వైపులా తెరిచి ఉండాలి, పలచని దుప్పటి కప్పుకు, బరువైన కంబళి నేలకు వాడితే లోపల ఉక్కపోయదు.

చీకటి, ఇరుకు అంటే భయపడే పిల్లలు కొందరు ఉంటారు. వాళ్ళను లోపలికి వెళ్ళమని ఎంతమాత్రం బలవంతపెట్టకూడదు. ఒకవైపు పూర్తిగా తెరిచిన గుడారం కట్టి, దాని అంచున కూర్చోనివ్వండి. బయటి నుంచి కట్టడంలో సాయపడటం కూడా ఆటే. మరోవైపు, ఏ పిల్లవాడైనా ప్రతిరోజూ లోపలే ఉండిపోతూ, తోటివారితో ఆడటం మానేసి, బయటికి రమ్మంటే తీవ్రంగా భయపడుతుంటే అది ఆట పరిధి దాటిన విషయం. అప్పుడు పిల్లల వైద్యుణ్ణి గానీ, పిల్లల మనస్తత్వ నిపుణులను గానీ కలవాలి. మీరు రాసినదాన్ని బట్టి మీ ఇంట్లో అటువంటిదేమీ కనిపించడం లేదు.

చెల్లాచెదురు సంగతికి వస్తే, మీ విసుగు న్యాయమైనదే. పడక దుప్పట్లను ముట్టుకోవద్దని చెప్పి, వాటికి బదులుగా పాత దుప్పట్లు మూడు నాలుగు, కొన్ని క్లిప్పులు, ఒక బ్యాటరీ లైటు ఒక పెట్టెలో వేసి వాళ్ళకు అప్పగించండి. ఏ గదిలో కట్టవచ్చో, ఎప్పటివరకు ఉంచవచ్చో ముందే మాట్లాడుకోండి. వీలైనప్పుడు ఒక రాత్రి అలాగే ఉండనివ్వండి, ఎందుకంటే రెండవ రోజు ఆట మొదటి రోజు కంటే లోతుగా సాగుతుంది. కట్టడం మీది ఉత్సాహం తీరిపోయి, అందులో ఎవరు ఉంటారు, ఏం జరుగుతుంది అన్న కథ మొదలవుతుంది. తీసేయవలసిన సమయం వచ్చినప్పుడు హఠాత్తుగా లాగేయకుండా కాస్త ముందుగా చెప్పండి. విప్పడం కూడా వాళ్ళ చేతే చేయించండి. పెద్ద దుప్పటిని ఇద్దరు చెరో చివర పట్టుకుని, అంచుకు అంచు కలిపి, నడిచి వచ్చి మడత పెట్టడం పిల్లలకు ఎంతో ఇష్టమైన పని. మీ అమ్మాయి చేత ఆ రోజు గుడారం ఎలా కట్టారో కాగితం మీద గీయించి పెట్టెలో దాచితే, తర్వాతిసారి అక్కడి నుంచి మొదలుపెడతారు.

ఇటువంటి ఆటలను వృథా కాలక్షేపంగా భావించే బంధువులు ఎవరైనా ఉంటే వారికి ఒక మాట చెప్పవచ్చు. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక తన 31వ అధికరణంలో విశ్రాంతిని, ఆటను పిల్లల హక్కుగా గుర్తించింది. 2018లో అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ ఒక నివేదికలో, చిన్నపిల్లల తల్లిదండ్రులకు మందు రాసినట్టే ఆటను కూడా చీటీ మీద రాసి ఇవ్వమని తన వైద్యులకు సూచించింది. అలాగని గుడారం కడితే లెక్కల్లో మార్కులు పెరుగుతాయని నేను మీకు చెప్పను. మార్కుల కోసం కట్టించడం మొదలుపెడితే పిల్లలు అది పసిగట్టి మానేస్తారు కూడా. "ఈ రోజు ఏం నేర్చుకున్నావు?" అని చివరలో అడగకండి.

ఈ వారాంతంలో మొదలుపెట్టాలనుకుంటే ఒక చిన్న పని చేసి చూడండి. పెట్టె తెచ్చి గది మధ్యలో పెట్టి, నేల మీద కూర్చుని, ఏమీ అనకుండా ఉండండి. పిల్లలు మీ వైపు చూసి "ఏం కడదాం?" అని అడుగుతారు. "మీరు చెప్పండి, నేను పట్టుకుంటాను" అనండి. మొదటిసారి వాళ్ళు తడబడవచ్చు, మీ అమ్మాయి వెంటనే పెత్తనం తీసుకోవచ్చు, చిన్నవాడు అలిగి దిండు మీద కూర్చోవచ్చు. వాడికి క్లిప్పుల బాధ్యత మొత్తం అప్పగించండి. క్లిప్పులు వాడి చేతిలో ఉన్నంతసేపు వాడిని అడగకుండా ఎవరూ ఏ మూలా బిగించలేరు, ఆ సంగతి మీ అమ్మాయికి కూడా త్వరలోనే తెలిసివస్తుంది.